ఉన్న రెంటిలో ఒకటి

కోనసీమ రైతుకు నీళ్ల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది మొదలు ఈ సీమవారికి తెలిసిన రహస్యం ఒకటుంది. చేలోకి నీరు రావడం ఎంత ముఖ్యమో, వచ్చిన నీరు బయటికి పోవడం అంత ముఖ్యం. తెచ్చేది కాలువ, తీసుకుపోయేది మురుగు డ్రైను. కాలువ ఎండితే ఒక పంట పోతుంది. డ్రైను పూడితే చేను మురిగి, భూమే చెడిపోతుంది. 2011లో కోనసీమ రైతులు తొలకరి పంట వెయ్యమని భీష్మించుకుని కూర్చున్నప్పుడు వారు మొరపెట్టుకున్న కష్టాలలో పూడిపోయిన డ్రైన్ల గోడు కూడా వున్నది.

మన ఒంట్లోనూ వ్యవహారం ఇంతే. అన్నం, నీళ్లు లోపలికి పంపించడం మీద వున్న శ్రద్ధ మనకు మురుగు బయటికి పోవడం మీద వుండదు. ఆ పని చూసేవి రెండు మూత్రపిండాలు. ఇప్పుడు ఇంటింటా కిడ్నీలనే అంటున్నారు గనుక మనమూ అలాగే అనుకుందాం. వీపువైపు, పక్కటెముకల చివర, వెన్నుకు అటొకటి ఇటొకటి వుంటాయి. పొడవు బెత్తెడుకు కాస్త ఎక్కువ. బరువు ఒక్కొక్కటి 150 గ్రాములు. ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల సన్నని వడపోత గొట్టాలున్నాయి. రోజు మొత్తానికి 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, పనికివచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, పనికిరాని దానిని లీటరున్నర నీటిలో కలిపి బయటికి తోసేస్తాయి. అంతేకాదు. రక్తపు పోటును అదుపులో వుంచడం, ఎముకలకు బలమివ్వడం, కొత్త రక్తకణాలు పుట్టేటట్టు చెయ్యడం కూడా వీటి పనులే.

చప్పుడు చెయ్యని జబ్బు

కిడ్నీ జబ్బులో వున్న దుర్మార్గం ఏమిటంటే, అది చప్పుడు చెయ్యదు. పన్ను నొప్పి వస్తే ఆ రాత్రే తెలుస్తుంది. కిడ్నీలు సగానికి సగం పాడైనా మనిషి మామూలుగా పొలం వెళ్లి వస్తాడు. కచేరీకి వెళ్లి వస్తాడు. పాదాలు వాచి, ముఖం వుబ్బి, అన్నం సహించక, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, అప్పుడు డాక్టరు దగ్గరకు వెళితే ఆయన రక్తం పరీక్షించి 'క్రియాటినిన్' అనే మాట చెబుతాడు. అప్పటికి కథ చాలా దూరం నడిచి వుంటుంది.

మధుమేహం, రక్తపుపోటు - ఈ రెండూ కిడ్నీలకు ప్రబల శత్రువులు. రాళ్లు, పుట్టుకతో వచ్చే దోషాలు, డాక్టరును అడగకుండా ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు వీటికి తోడు. ఇవేవీ లేకుండానే వచ్చే కిడ్నీ జబ్బు కూడా మన రాష్ట్రంలోనే వున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటలకు పేరెన్నిక గన్న చోటు. చూసినవాళ్లు దాన్ని మరో కోనసీమ అంటారు. ఆ పచ్చని తోటల మధ్య ఊళ్లకు ఊళ్లు ఈ జబ్బుతో కుంగిపోయాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా మూలకారణం ఇదమిత్థమని తేలలేదు. అక్కడి రోగుల కోసమే పలాసలో 200 పడకల ఆస్పత్రిని 2023 డిసెంబరులో తెరిచారు.

కిడ్నీలు పూర్తిగా మూలపడితే మిగిలే దారులు రెండు. మొదటిది డయాలిసిస్. రక్తాన్ని ఒంట్లోనుంచి గొట్టం ద్వారా యంత్రంలోకి పంపి, వడగట్టి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. 1943లో, యుద్ధం నడుస్తూండగా, హాలెండులో విలెం కోల్ఫ్ అనే డాక్టరు మాంసపు గొట్టాలకు వాడే సెలోఫేను తొడుగుతో మొదటి యంత్రాన్ని తయారుచేశాడు. నాటినుంచి నేటివరకూ ఆ యంత్రం లక్షలమంది ప్రాణాలు నిలబెట్టింది. కాని అది నిలబెట్టడమే. ఇరవైనాలుగు గంటలూ కిడ్నీ చేసే పనిని, వారానికి రెండు మూడు సార్లు, పూటకు నాలుగేసి గంటల చొప్పున యంత్రం చేస్తే ఎంత చేస్తుంది? పదోవంతు పాటి చేస్తుంది.

ఆ రోగి దినచర్య ఎలా వుంటుందో ఆలోచించండి. రాజోలు లంకల్లో వుండే మనిషి తెల్లవారుజామున లేచి, బస్సు పట్టుకుని, డయాలిసిస్ వున్న ఊరు చేరి, సాయంకాలానికి నీరసించి ఇంటికి వచ్చి పడుకుంటాడు. ఎల్లుండి మళ్లీ అదే ప్రయాణం. ఖర్చు ప్రభుత్వం భరించినా రోజు తిరిగిరాదు, కూలి తిరిగిరాదు. నీళ్లు లెక్కపెట్టి తాగాలి. అన్నిటికంటె చోద్యం, కొబ్బరిబొండం తాగకూడదు. గ్లాసెడు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం వుంటుంది. మంచి కిడ్నీలున్నవాడికి అది బలం. చెడిన కిడ్నీలున్నవాడికి అది గుండెను ఆపెయ్యగల విషం. రావులపాలెం అరటిపండుకూ ఇదే నిషేధం. చుట్టూ కొబ్బరిచెట్లు, దొడ్లో అరటిగెలలు. వాటి నడుమ కూర్చుని దాహాన్ని చెంచాలతో కొలుచుకునే బ్రతుకు!

రెండవ దారి, మరొకరి కిడ్నీ తెచ్చి అమర్చడం.

సూదిపని నుంచి శస్త్రచికిత్స దాకా

ఇది ఎలా సాధ్యమైందో చెప్పాలంటే ఒక కుట్టుపని దగ్గర మొదలుపెట్టాలి. సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం వెళితే లేసు అల్లే ఆడవాళ్లు కనిపిస్తారు గదా! ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరానికీ అలాంటి పేరే వుంది. తెగిన రక్తనాళాలను అతికించడం ఎలాగా అని తల బద్దలు కొట్టుకుంటున్న అలెక్సిస్ కారెల్ అనే యువ డాక్టరు, ఆ ఊళ్లో బుటాపని చేసే ఒక స్త్రీ దగ్గర కూర్చుని సన్నసూదితో కుట్టడం నేర్చుకున్నాడు. ఆ కుట్టుకే 1912లో నోబెల్ బహుమానం వచ్చింది. ఒకరి అవయవాన్ని మరొకరి రక్తనాళాలకు కలపవచ్చుననే ఆశ అక్కడ పుట్టింది.

కాని అతికించినంత మాత్రాన సరిపోలేదు. మన శరీరం పరాయిదాన్ని పసికట్టి పారదోలుతుంది. క్రిముల నుంచి మనల్ని కాపాడే గుణం అదే. దానమిచ్చిన కిడ్నీని చంపే గుణమూ అదే. ఆ గోడకు మొదటి కన్నం 1954 డిసెంబరు 23న పడింది. అమెరికాలో బోస్టను నగరం, పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రి. రిచర్డ్ హెరిక్, రొనాల్డ్ హెరిక్ అనే ఇరవైమూడేళ్ల కవలలు. రిచర్డు కిడ్నీలు చెడిపోయాయి. రొనాల్డు తన కిడ్నీ ఇస్తానన్నాడు. ఇద్దరూ అచ్చంగా ఒకే పిండం నుంచి పుట్టినవాళ్లేనా అని తేల్చుకోవడానికి పోలీసుల చేత వేలిముద్రలు సైతం పరిశీలింపజేశారు. ఆపరేషను ముందు రాత్రి రిచర్డు మనసాగక, వద్దు, ఇంటికి వెళ్లిపొమ్మని సోదరుడికి చీటీ రాసి పంపాడు. వెళ్లనని సోదరుడు జవాబు రాశాడు. మర్నాడు డాక్టర్ జోసెఫ్ మర్రే ఆ కిడ్నీని అమర్చాడు. రిచర్డు కోలుకుని, తనకు సేవ చేసిన నర్సునే పెళ్లాడి, ఇద్దరు బిడ్డల తండ్రి అయి, మరి ఎనిమిదేళ్లు బ్రతికాడు. ఇచ్చిన రొనాల్డు బడిపంతులుగా పనిచేసి, 2010లో, తన డెబ్భైతొమ్మిదో ఏట కన్నుమూశాడు. ఒక్క కిడ్నీతో యాభైఆరేళ్లు!

కవలలు కానివాళ్ల మాటేమిటి? దానికి మందు కావలసివచ్చింది. ఇక్కడ మన గోదావరి నీళ్లు తాగిన ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. వశిష్ఠకు ఆవలిగట్టున, భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అదే బోస్టను చేరి, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రి కూలిపని చేస్తూ, హార్వర్డులో చదువుకున్నాడు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే విధానాన్ని తన గురువు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించాడు. కిడ్నీలు చెడితే రక్తంలో పెరిగే పదార్థాలలో ఈ ఫాస్ఫరస్ ఒకటి. ఆ ఫిస్కే ప్రయోగశాలలోనే చదువుకున్న జార్జి హిచింగ్స్, తన సహచరి గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి తరువాతి కాలంలో అజాథయోప్రిన్ అనే మందును కనిపెట్టాడు. పరాయి కిడ్నీని శరీరం వెళ్లగొట్టకుండా ఓర్చుకునేటట్టు చేసిన తొలి మందులలో అది ముఖ్యమైనది. దానితో 1962 నాటికి కవలలు కానివారికీ దారి తెరుచుకుంది. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లోను, మర్రేకు 1990లోను నోబెల్ బహుమానాలు వచ్చాయి. సుబ్బారావు 1948లోనే వెళ్లిపోయాడు.

మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఈ ఆపరేషను మొదటిసారి విజయవంతంగా జరిగింది. 2023లో ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 13,400 పైచిలుకు కిడ్నీ మార్పిడులు జరిగాయి. వాటిలో చాలా పెద్ద భాగం, బతికివుండి తమవాళ్లకు ఇచ్చినవారి దానాలే.

ఇచ్చినవారికి ఏమవుతుంది?

ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. 'వాడికి బాగవుతుంది సరే, వీడి గతేమిటి?' ఈ ప్రశ్న అడగడం స్వార్థం కాదు. అడగకపోవడమే పొరపాటు.

దాతకు ముందుగా రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల ఆకారం, వాటి రక్తనాళాలు, అన్నీ పరీక్ష చేస్తారు. మధుమేహం వున్నా, పోటు అదుపులో లేకపోయినా, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నా వద్దంటారు. పద్ధెనిమిదేళ్లు నిండినవారై వుండాలి. అరవై దాటినా ఆరోగ్యం గట్టిగా వుంటే ఇవ్వవచ్చు. రక్తపు గ్రూపు కలవాలి. కలవకపోతే, అదే చిక్కులో వున్న మరొక కుటుంబంతో ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు వున్నది. వీరి దాత వారికి, వారి దాత వీరికి. ఒకప్పుడు పక్కలో పెద్దగా కోసి తీసేవారు. 1995 నుంచి చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపి తీసే పద్ధతి వచ్చింది. దాత నాలుగైదు రోజుల్లో ఇల్లు చేరతాడు. కొన్ని వారాలపాటు బరువులెత్తకూడదు. కచేరీ ఉద్యోగి నెలకో నెలన్నరకో పనిలో చేరవచ్చు. కొబ్బరి దింపు తీసేవాడు మాత్రం డాక్టరు సరేనన్నాకనే మోకు పట్టాలి.

మిగిలిన కిడ్నీ చూస్తూ వూరుకోదు. కొన్ని వారాల్లోనే కాస్త పెరిగి, రెండూ కలిసి చేసిన పనిలో డెబ్భై శాతం వరకూ తనొక్కటే మోస్తుంది. ఆరోగ్యవంతుడి బ్రతుకుకు అది చాలు. దాత కొబ్బరిబొండం తాగవచ్చు, పనసతొన తినవచ్చు. ఆడపిల్ల పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు.

అయితే మంచే చెప్పి చెడు దాచడం దగా అవుతుంది. ఇది పెద్ద ఆపరేషను. అమెరికాలో ఏళ్ల తరబడి లెక్కలు కట్టి చూస్తే, ఆపరేషను వల్ల దాతలు చనిపోవడం పదివేలమందికి ముగ్గురు. ఈమధ్య కాలంలో అది ఒక్కరికి తగ్గింది. దాతకు తన జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా చెడిపోయే ప్రమాదం పదివేలకు సుమారు తొంభై అని 2014లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. దానమివ్వని అంతటి ఆరోగ్యవంతులలో అది పద్నాలుగు. అంటే ప్రమాదం పెరుగుతుంది. పెరిగినా నూటికి ఒకటి లోపే. దానమిచ్చాక గర్భవతులైన స్త్రీలలో నూటికి పదకొండుమందికి రక్తపుపోటు సమస్యలు వచ్చాయి, ఇవ్వనివారిలో అయిదుగురికి. అంచేత దాత కూడా ఏటేటా పోటు, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవాలి. నొప్పి మాత్రలు చేత్తో ముట్టకూడదు. ఆపరేషను అయిన మర్నాటి నుంచి ఇల్లంతా రోగి మంచం చుట్టూ తిరిగి, దాతను మరిచిపోవడం మన ఇళ్లలో సర్వసాధారణం. ఆ ఇంట్లో అప్పుడు ఇద్దరు రోగులున్నారని గుర్తుంచుకోవాలి.

పుచ్చుకున్నవాడికి కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. పాతవాటిని సాధారణంగా అక్కడే వుంచేస్తారు. బతికున్నవారు ఇచ్చిన కిడ్నీ చాలామందిలో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. మందులు మాత్రం తప్పనిసరి. ఒక్క పూట మానినా ముప్పే. ఇది జబ్బు పూర్తిగా పోవడం కాదు. కాని బస్సు ప్రయాణాల బ్రతుకు నుంచి మనిషి బ్రతుకుకు తిరిగి రావడం.

చట్టం ఎవరిని దగ్గరివాళ్లంటుంది?

మానవావయవాల మార్పిడి గురించి పార్లమెంటు 1994లో చట్టం చేసింది. మన రాష్ట్రం 1995లో తన చట్టం తాను చేసుకుంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు - వీరు దగ్గర బంధువులు. 2011 సవరణతో కేంద్ర చట్టం తాతలనూ, అమ్మమ్మ నాయనమ్మలనూ, మనవలనూ కూడా చేర్చింది. మరి మేనమామ? మేనత్త? బావమరిది? వదిన? పిల్లనిచ్చి పుచ్చుకునే మన ఇళ్లలో మేనమామ కంటె దగ్గరివాడెవరు? చట్టం దృష్టిలో మాత్రం ఆయన దగ్గర బంధువు కాడు. ఆయన ఇవ్వదలిస్తే, డబ్బు ప్రమేయం లేదనీ, కేవలం ప్రేమతోనే ఇస్తున్నాడనీ, ఆ పని మీద నియమించిన సంఘం ముందు రుజువు చెయ్యాలి.

ఇంత కట్టడి ఎందుకంటే, కిడ్నీని సరుకు చేసినవాళ్లున్నారు గనుక. 2024 జూలైలో గుంటూరుకు చెందిన ఒక యువకుడు, 30 లక్షలిస్తామని ఆశపెట్టి కిడ్నీ తీసుకుని చివరకు లక్ష పైచిలుకే చేతిలో పెట్టారని పోలీసులకు మొరపెట్టుకున్నాడు. అప్పుల్లో వున్నవాడి పక్క కోసి, ఆ తరువాత అతని ఆరోగ్యం చూసే నాథుడుండడు. అమ్మడం, కొనడం, మధ్యవర్తిగా వుండడం, మూడూ నేరాలే. కేంద్ర చట్టం ప్రకారం అయిదు నుంచి పదేళ్ల ఖైదు. కోటి రూపాయల దాకా జరిమానా.

అమ్మకు వస్తే?

ఇహ చివరి మాట. చాలా ఇళ్లలో పైకి అనని మాట.

మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో అత్యధికులు స్త్రీలు. పుచ్చుకునేవారిలో అత్యధికులు పురుషులు. కొడుక్కి జబ్బు చేస్తే తల్లి ఇస్తుంది. భర్తకు చేస్తే భార్య ఇస్తుంది. 2022 డిసెంబరు 5న సింగపూరులో లాలూ ప్రసాద్ యాదవ్‌కు కిడ్నీ ఇచ్చింది ఆయన కూతురు రోహిణి. ఇందులో వారి ప్రేమకు నమస్కరించవలసిందే. కాని 'నాన్న సంపాదించేవాడు, అమ్మ ఇంట్లో వుండేదేగా' అనే లెక్క ఆ ప్రేమ వెనక దాగి వుంటే, ఆ లెక్కను మాత్రం వెలుగులోకి లాగాలి. అమ్మకే కిడ్నీలు చెడిపోయిననాడు ఎందరు కొడుకులు ఆస్పత్రికి వెళ్లి రక్తం పరీక్ష చేయించుకుంటున్నారు? కువైటులో వున్న అన్నయ్య సెలవు పెట్టి వస్తాడా? 'నా పిల్లలకు నేను భారం కాకూడదు' అని తల్లి తానే తప్పుకుంటే, ఆ మాటను అందరూ హాయిగా నమ్మేస్తారు.

పెళ్లయిన ఆడపిల్ల అన్నకు ఇస్తానంటే అత్తవారు అడ్డుపడతారు. మగపిల్లవాడు ఇస్తానంటే 'వాడికింకా పెళ్లి కాలేదు' అంటారు. ఈ భయాలను తేల్చవలసినది ఇంటివాళ్లు కాదు. నిజమైన ఆధారం డాక్టరు చేసే పరీక్షలే. మరో సంగతి. ఇవ్వను అనే హక్కు కూడా దాతకు వున్నది. మంచి ఆస్పత్రులలో దాతతో ఒంటరిగా మాట్లాడతారు. ఇష్టం లేదని చెబితే, ఇంటివాళ్లకు 'ఈమె కిడ్నీ సరిపడదు' అని మాత్రమే చెప్పి పంపిస్తారు. బలవంతాన పుచ్చుకున్నది దానం కాదు గదా!

రాజోలు, అమలాపురాల మధ్య పారే పాయ పేరు వైనతేయ. వినత కొడుకు గరుత్మంతుడి పేరది. దాస్యంలో మగ్గుతున్న తల్లిని విడిపించడానికి అమృతం తెచ్చిన కొడుకాయన. ఆ నది పేరు రోజూ పలికే సీమలో, తల్లులు కొడుకులకు ఇవ్వడమే తప్ప కొడుకులు తల్లులకు ఇవ్వడం అరుదుగా వుంటే అది సబబుగా లేదు.

ఈ వారమే చెయ్యదగిన పనులు రెండున్నాయి. మధుమేహం గాని, రక్తపుపోటు గాని వున్నవారు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. ఏమంత ఖర్చు కాదు. ముందుగా తెలిస్తే జబ్బును ఏళ్ల తరబడి నిలువరించవచ్చు. ఇక ఇంట్లో ఎవరికైనా కిడ్నీలు చెడుతున్నాయని డాక్టరు చెబితే, డయాలిసిస్ మొదలయ్యేదాకా ఆగకుండా, అప్పుడే మార్పిడి సంగతి అడగండి. ఎవరివ్వాలనే మాట వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చోండి. వంటింట్లో వున్న ఆవిడను పిలిచి కూర్చోబెట్టండి. కాని మొదటి రక్తపరీక్షకు మాత్రం ఆవిడ చెయ్యి కాక, మగవాళ్ల చేతులే ముందు చాపండి.